మహానంది ఊట: కోనేట మునక, కొండ అంచున విడిది

మహానంది:

నంద్యాలకు తూర్పున పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, నల్లమల కొండలు మైదానాన్ని తాకే చోట వెలసిన శైవక్షేత్రం మహానంది. శివరాత్రికీ, కార్తీక సోమవారాలకూ ఇక్కడికి జనం పోటెత్తడం అందరూ ఎరిగినదే. అయితే ఏ పండుగా లేని మామూలు రోజున, ముఖ్యంగా నంద్యాలలో ఎండ 44, 45 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో వచ్చేవారిలో సగం మందిని రప్పించేది కోనేటి నీరేనని చెప్పినా తప్పు కాదు. పిల్లాపాపలతో వచ్చి, స్వామిని దర్శించుకుని, గంటల తరబడి నీళ్లలో గడిపి, చెట్ల కింద భోంచేసి సాయంత్రానికి తిరుగుముఖం పట్టడం ఈ ప్రాంతపు కుటుంబాలకు తరతరాల అలవాటు. ఇటీవలి కాలంలో అడవి అంచున ఒక రాత్రి బస చేయాలని వచ్చేవారూ పెరిగారు. అలాంటి వారికి ఉపయోగపడగలదని ఈ వివరాలు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లాగా ఏర్పడటంతో, అప్పటివరకు కర్నూలు జిల్లాలో ఉన్న మహానంది మండలం కొత్త జిల్లాలోకి వచ్చింది. పాత పుస్తకాలలోనూ, మార్గదర్శికలలోనూ కర్నూలు జిల్లా అని కనిపిస్తే తికమక పడనవసరం లేదు.

నీరు ఎక్కడిది?

రాయలసీమలో భూమి నుంచి తనంతట తాను ఉబికివచ్చే నీటిని 'బుగ్గ' అంటారు. ఇసుకను చేత్తో తోడితే ఊరే నీరు 'చెలమ'. ఈ రెండు మాటలూ ఊళ్ల పేర్లలోకి, గుళ్ల పేర్లలోకి ఎక్కినంతగా మరే మాటా ఎక్కలేదేమో. గాజులపల్లె దాటి అడవిలోకి దూరే రైలుమార్గంలో చెలమ అనే స్టేషనే ఉంది.

మహానందిది బుగ్గ. నల్లమల కొండలు ప్రధానంగా గట్టి ఇసుకరాయి వంటి క్వార్ట్‌జైట్‌తోనూ, పలకరాయితోనూ ఏర్పడినవి. క్వార్ట్‌జైట్‌ స్వతహాగా నీటిని పీల్చదు. కానీ కోట్ల సంవత్సరాల ఒత్తిడికి అది నిండా పగుళ్లు పట్టి ఉంటుంది. వానాకాలంలో కొండమీద కురిసిన నీటిలో కొంత వాగుల వెంట దిగిపోగా, మరికొంత చెట్ల వేళ్ల మధ్య, ఆకుల మెత్త కింద నిలిచి, ఆ పగుళ్లలోకి నెమ్మదిగా ఇంకుతుంది. లోపల దిగుతూ పోయిన నీటికి పలకరాయి వంటి చొరనివ్వని పొర అడ్డుపడితే, అది పక్కకు మళ్లి, కొండ పాదం వద్ద దారి దొరికిన చోట పైకి వస్తుంది. ఊటలు సాధారణంగా పుట్టే విధానమిదే. కొండల పడమటి అంచున మహానంది, ఓంకారం వంటి నీటి క్షేత్రాలు వరుసగా ఉండటానికి కారణం కూడా కొండ, మైదానం కలిసే ఈ అమరికలోనే వెతుక్కోవాలి.

నేలలోతున చాలాకాలం గడిపి వచ్చే నీటికి పైనున్న ఎండా చలీ తగలవు. ఏడాది మొత్తపు సగటు వేడిమి ఎంతో దాదాపు అంతే వెచ్చదనంతో అది బయటపడుతుంది. అందుకే మే నెలలో కోనేటిలో దిగినవారు 'ఎంత చల్లన' అంటారు, మార్గశిర మాసపు వేకువన దిగినవారు 'గోరువెచ్చన' అంటారు. నీరు మారలేదు, మారింది బయటి గాలి. స్వచ్ఛతకు కారణమూ ఇటువంటిదే. రాతి పగుళ్లలో వడకట్టుకుని వచ్చే నీటిలో ఒండ్రు ఉండదు. అంతకంటే ముఖ్యంగా, ఆ నీరు కోనేటిలో నిలువ ఉండదు. ఒకవైపు ఎంత వస్తుందో మరొకవైపు అంత పోతూ ఉంటుంది.

గుండాలు మూడు

గర్భాలయంలోని లింగం కింది నుంచి ఊట పుడుతుందని ప్రసిద్ధి. ఆవు పుట్టపై పాలు కురియడం, అది బెదిరి పుట్టను తొక్కగా లింగంపై గిట్ట ముద్ర పడటం ఇక్కడి స్థలపురాణం. ఆ ముద్రను అర్చకులు భక్తులకు చూపుతారు. అమ్మవారు కామేశ్వరీదేవి. గర్భాలయ శిఖరం ఉత్తరాది రేఖానాగర పద్ధతిలో ఉంటుంది. అలంపురం నవబ్రహ్మ ఆలయాలను చూసినవారు పోలికను ఇట్టే గుర్తిస్తారు. రెండూ బాదామి చాళుక్యుల కాలపు సంప్రదాయానికి చెందినవి. చుట్టూ ఉన్న మండపాలు, గోపురం తరువాతి కాలాలలో చేరాయి.

ఆలయ ప్రాకారంలో గర్భాలయానికి ఎదురుగా ఉన్నది రుద్రగుండం. చతురస్రాకారపు పెద్ద కోనేరు, నాలుగు వైపులా మెట్లు, నీటి నడుమ చిన్న మండపం. లోతు దాదాపు అయిదడుగులు. నీరు ఎంత తేటగా ఉంటుందంటే అడుగున పడిన నాణెం ఏ వైపు తిరిగి ఉన్నదీ గట్టు మీద నుంచి చెప్పవచ్చు. ఇక్కడి నుంచి నీరు బయటి గుండాల మీదుగా కాలువలోకి వెళుతుంది. గోపురానికి వెలుపల, దారికి రెండు పక్కలా ఉన్నవి బ్రహ్మగుండం, విష్ణుగుండం. దర్శనానికి వెళ్లే తొందరలేని వారు, ఈత కోసమే వచ్చిన కుర్రకారు ఎక్కువగా వీటిలో దిగుతుంటారు. ఏ గుండంలో ఎప్పుడు స్నానానికి అనుమతి ఉన్నదీ దేవస్థానం బోర్డులు తెలుపుతాయి. పండుగల రద్దీని బట్టి, శుభ్రపరిచే రోజులను బట్టి ఈ వేళలు మారుతుంటాయి కనుక వచ్చిన రోజున అడిగి తెలుసుకోవడమే మేలు.

మన తరువాత ఎవరికి?

సందర్శకులలో ఎక్కువమంది ఆలోచించని సంగతి ఒకటున్నది. కోనేటి నుంచి బయటపడిన నీరు మురుగు కాదు, పంటకాలువ. అది మహానంది దిగువన వేల ఎకరాలను తడుపుతున్నదని ఇక్కడివారు చెబుతారు. ఈ చుట్టుపక్కల అరటి, పసుపు, వరి దండిగా పండుతాయి. నంద్యాల నుంచి వచ్చే దారిలో తోటల పచ్చదనం మొదలయ్యే చోటే గాలిలో చల్లదనం తెలుస్తుంది. అరటి ఏడాది పొడవునా తడి కోరే పంట. నల్లరేగడి నేలలు, తక్కువ వర్షపాతం గల కుందూ లోయలో అది ఇంత విరివిగా పండటానికి కాలువలతో పాటు ఊటనీరూ ఆధారం.

అంటే కోనేటిలో మునిగే వ్యక్తి కొండకూ పొలానికీ మధ్య కొన్ని నిమిషాలు నిలబడిన బాటసారి మాత్రమే. అతడు కలిపినదంతా దిగువకు పోతుంది. తలంటు నూనె, కుంకుడు, షాంపూ, సబ్బు, బట్టల సోడా గుండాలలో వాడరాదని ఆంక్షలున్నది అందుకే. చేతిలో షాంపూ పొట్లం దాచుకుని మెట్లు దిగేవారు నేటికీ కనిపిస్తారు. ఖాళీ పొట్లం నీటిలోనే వదిలేస్తారు. అది తూము జాలీకి అడ్డుపడుతుంది, లేదా దాటిపోయి కాలువ మట్టిలో దిగబడుతుంది. కట్టుబట్టలను తీర్థంలో విడిచిపెట్టే అలవాటు కూడా ఇంతే. మునిగి లేచిన తడిబట్టను ఇంటికి తీసుకుపోతే పుణ్యం తరుగుతుందని ఏ శాస్త్రమూ చెప్పినట్లు లేదు.

నాణేల సంగతి కూడా చెప్పుకోవాలి. పూర్వం చెల్లిన రాగి నాణేలకు, నేటి స్టెయిన్‌లెస్‌ స్టీలు బిళ్లలకు పోలిక లేదు. రాగి నీటికి మంచిదన్న మాట వీటికి వర్తించదు. పైగా అడుగున మెరిసే రూపాయల కోసం పిల్లలు ఊపిరి బిగబట్టి మునుగుతుంటారు.

తేటగా ఉన్నంత మాత్రాన నీరు తాగడానికి పనికివస్తుందని అనుకోవడమూ పొరపాటే. ఊట పుట్టే చోట తీర్థంగా ఇచ్చే నీరు వేరు, వందలమంది మునుగుతున్న గుండంలోని నీరు వేరు. కంటికి కనిపించని సూక్ష్మక్రిములకు తేటదనంతో పని లేదు. చంటిపిల్లలకు పాలు కలపడానికి కోనేటి నీరు పట్టేవారు ఈ తేడా గమనించాలి.

నీటిలో దిగేవారికి

అయిదడుగుల లోతు చెబితే కొద్దిగానే అనిపిస్తుంది. నిజానికి పదేళ్ల పిల్లవాడికి అది నిలువు దాటిన లోతు. పొట్టిగా ఉన్న స్త్రీలకూ తల మునిగేంత లోతు. నీరు తేటగా ఉన్నప్పుడు అడుగు దగ్గరగా ఉన్నట్లు కంటికి భ్రమ కలుగుతుంది. 'ఇంతేకదా' అని దిగి, నేల అందక తడబడేవారు ఈ కారణంగానే తడబడతారు. ఈత రాని పిల్లలను మెట్ల మీదనే కూర్చోబెట్టి, నడుము లోతు దాటనివ్వకుండా, చేయి చాచితే అందేంత దూరంలో పెద్దవారొకరు ఉండాలి. గట్టు మీద కూర్చుని సెల్‌ఫోన్‌ చూస్తూ కాపలా కాయడం కాపలా కాదు. మునిగిపోయే పిల్లవాడు సినిమాలో మాదిరి కేకలు పెట్టడు. నోరు నీటిమట్టానికి వచ్చాక కేక వెలువడదు, చప్పుడు లేకుండానే జారిపోతాడు.

ఈత వచ్చిన కుర్రవాళ్లకు వేరే హెచ్చరిక అవసరం. గట్టు మీద నుంచి, మండపం మీద నుంచి తలకిందులుగా దూకరాదు. అయిదడుగుల నీటిలో తల నేరుగా రాతిని తాకితే మెడ ఎముక విరగడానికి క్షణం చాలు. వెన్నుపాము దెబ్బతింటే కాళ్లూ చేతులూ జీవితాంతం చచ్చుపడవచ్చు. మెట్లకు పాచి పడుతుంది కనుక దిగేటప్పుడు గోడను ఆనుకుని, ఒక్కొక్క మెట్టూ కాలితో తడిమి దిగాలి. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, మద్యం సేవించినవారు నీటికి దూరంగా ఉండాలి. రెండోవారికి క్షేత్రంలోనే చోటు లేదన్నది వేరే విషయం. ఉపవాసం ఉండి వేకువజామున వచ్చే వృద్ధులు ఒక్కసారిగా మునగక, ముందు కాళ్లు, ముఖం తడుపుకుని దిగడం మంచిది.

కోతుల బెడద సామాన్యమైనది కాదు. గట్టు మీద పెట్టిన అరటిపండ్లే కాక కళ్లజోళ్లు, సంచులు కూడా ఎత్తుకుపోతాయి. బట్టల మూట దగ్గర ఒకరు ఉండక తప్పదు.

కాలువ కోనేరు కాదు

గుండంలో రద్దీ ఎక్కువైనప్పుడు కొందరు యువకులు తోటల వెనుక, నల్లమల పాదాల వెంట సాగే తెలుగుగంగ ప్రధాన కాలువ వైపు వెళతారు. వెలుగోడు జలాశయం నుంచి దక్షిణంగా బ్రహ్మంసాగర్‌ దిశగా పోయే ఈ కాలువలో నీరు వదిలినప్పుడు చూడటానికి ప్రశాంతంగానే ఉంటుంది. ప్రమాదం అక్కడే ఉన్నది. కోనేటిలో మెట్లున్నాయి, ప్రవాహం మెల్లనిది, చుట్టూ మనుషులున్నారు. కాలువకు వాలుగా కట్టిన లైనింగు తడిసి పాచి పట్టిన తరువాత కాలు నిలవదు. దిగడం తేలిక, ఎక్కడానికి పట్టు దొరకదు. పైకి కనిపించని లాగు అడుగున ఉంటుంది. గజ ఈతగాడు సైతం గట్టుకు నాలుగడుగుల దూరంలో అలిసిపోతాడు. ఒకరు కొట్టుకుపోతుంటే కాపాడబోయి మరొకరు దిగడం, ఇద్దరూ మరణించడం సెలవుల కాలంలో ఏ జిల్లా విలేకరి అయినా రాయవలసివచ్చే వార్తే. ఆ వార్త రాయడానికి పోయి, గట్టు మీద వరుసగా విడిచిన చెప్పుల జతలు చూసినవారికి అది మరపునకు రాదు.

ఎవరైనా జారితే వెంట దూకకుండా పంచె, చీర, తాడు, చెట్టుకొమ్మ ఏది దొరికితే అది అందించాలి. గాలి నింపి మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసిరినా పట్టుకుని తేలవచ్చు.

రాత్రి బస

క్షేత్రంలో దేవస్థానం సత్రాలు, వసతి గదులు, పర్యాటకాభివృద్ధి సంస్థ అతిథిగృహం, వివిధ సామాజిక వర్గాల అన్నసత్రాలు ఉన్నాయి. కార్తీకమాసంలో, శివరాత్రి బ్రహ్మోత్సవాలలో ముందుగా గది చూసుకోనివారికి దొరకడం దుర్లభం. పూర్వం ఆ రోజుల్లో బండ్లు కట్టుకుని వచ్చిన రైతులు చింతచెట్ల కిందనే వండుకుని, అక్కడే చాపలు పరచుకుని నిద్రించేవారు. ఆ అలవాటును ఇప్పుడు కొనసాగించరాదు.

కారణం చిరుతలు. 2024 జూన్‌లో ఆలయ పరిసరాల్లో, గోశాల సమీపంలో చిరుత సంచారం వెలుగుచూసి భక్తులను, సిబ్బందిని కలవరపరిచింది. అదే నెలలో నంద్యాల-గిద్దలూరు మార్గంలోని పచ్చర్ల వద్ద అడవిలోకి కట్టెలకు వెళ్లిన ఒక మహిళ చిరుత దాడిలో ప్రాణాలు కోల్పోయారు. క్షేత్రానికి ఆనుకుని ఉన్నది గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, ఆ పైన నాగార్జునసాగర్‌-శ్రీశైలం పులుల సంరక్షణ కేంద్రం. మృగాలు ఊరిలోకి వచ్చాయనడం కంటే, ఊరే వాటి వాకిట్లో ఉన్నదనడం న్యాయం. పారవేసిన అన్నం మెతుకుల కోసం కుక్కలు, పందులు చేరుతాయి. వాటి కోసం చిరుత వస్తుంది. వనభోజనాలకు వచ్చినవారు విస్తళ్లను చెట్ల కిందనే వదిలిపోవడం ఆ విధంగా ఒక్క పారిశుధ్య సమస్యే కాదు. చీకటి పడిన తరువాత ఒంటరిగా తిరగడం, పిల్లలను బహిర్భూమికి పంపడం, కాలినడకన అడవి దారి పట్టడం మానుకోవాలి.

గుడారంలో పడుకుని అడవిని చూడాలన్న కోరిక ఉన్నవారికి సరైన మార్గం అటవీశాఖ ఏర్పరచిన విడిదులే. గిద్దలూరు మార్గంలో పచ్చర్ల వద్ద ఒకటి, ఆత్మకూరు-దోర్నాల మార్గంలో బైర్లూటి వద్ద మరొకటి జంగిల్‌ క్యాంపుల పేరుతో ఉన్నాయి. మహానందికి దగ్గరిది పచ్చర్ల. కుటీరాలు, గుడారాల వంటి బస, భోజనం, శాఖ వాహనంలో అడవిలోకి సఫారీ వీటిలోని ఏర్పాట్లు. బైర్లూటి చెంచుగూడెం పక్కనే ఉన్నది. అడవిలో దారి తెలిసిన చెంచుల వెంట తిరగడంలో ఉన్న జ్ఞానం ఏ పుస్తకంలోనూ దొరకదు. పులుల సంరక్షణ కేంద్రంలో జూలై నుంచి సెప్టెంబరు వరకు పర్యాటకుల సఫారీలు నిలిపివేయడం ఆనవాయితీ. వన్యమృగాల సంచారాన్ని బట్టి ఇతర సమయాల్లోనూ క్యాంపులను తాత్కాలికంగా మూసివేయవచ్చు కనుక బయలుదేరేముందు నంద్యాల లేదా ఆత్మకూరు అటవీ కార్యాలయంలో విచారించుకోవాలి. సొంత గుడారాలతో అడవిలో ఎక్కడో ఒకచోట మకాం వేయడం చట్టరీత్యా నేరం. వేసవిలో చలిమంట, వంటమంట రెండూ కొండను తగులబెట్టగలవు. కొండమీద చెట్టు కాలితే వాన ఇంకే నేల పోతుంది, నేల పోతే కింద ఊట సన్నగిల్లుతుంది.

చుట్టుపక్కల

మహానందిని కలుపుకుని నంద్యాల చుట్టూ ఉన్నవి నవనందులు. ప్రథమనంది, నాగనంది, సోమనంది నంద్యాల పట్టణంలోనివే. సూర్యనంది, శివనంది, కృష్ణనంది ఊళ్ల వెలుపల, తోటల నడుమ, అడవి అంచుల్లో ఉంటాయి. వినాయకనంది, గరుడనంది మహానందిలోనే దర్శించుకోవచ్చు. కార్తీకంలో ఒక్క రోజున తొమ్మిదింటినీ చుట్టివచ్చే ఆచారం ఉన్నది. సొంత వాహనం ఉంటే ఉదయం బయలుదేరి సాయంత్రానికి మహానందికి చేరి, మునకతో యాత్ర ముగించడం అనుకూలం.

నీటి మీద మక్కువ గలవారు బండి ఆత్మకూరు మండలంలోని ఓంకారం, బనగానపల్లె మండలంలోని యాగంటి, కర్నూలు-నంద్యాల దారికి చేరువగా ఓర్వకల్లు మండలంలో ఉన్న కాల్వబుగ్గ కూడా చూడాలి. యాగంటిలో కొండనీరు నంది నోటి నుంచి కోనేటిలో పడుతుంది. అక్కడి కొండలు నల్లమల కావు, ఎర్రమల. విశాలమైన కోనేరు, నీటి ఉరవడి పరంగా మాత్రం వీటిలో మహానందికి సాటి లేదని ఈ విలేకరి అభిప్రాయం.

చేరుకునే విధం

నంద్యాల ఆర్టీసీ బస్టాండు నుంచి మహానందికి రోజంతా బస్సులు నడుస్తాయి, ఆటోలకూ కొదవ లేదు. కర్నూలు నుంచి నంద్యాల సుమారు 75 కిలోమీటర్లు. నంద్యాల-గుంటూరు రైలుమార్గంలో క్షేత్రానికి దగ్గరి స్టేషను గాజులపల్లె. అక్కడ ఆగే రైళ్లు తక్కువ కనుక దూరప్రాంతాలవారు నంద్యాలలో దిగడమే మంచిది. అయితే గిద్దలూరు వైపు నుంచి పగటిపూట రైలులో వచ్చేవారికి నల్లమల కనుమ, బొగద సొరంగం చూసే భాగ్యం దక్కుతుంది. మీటరుగేజి కాలంలో లోయపై కట్టిన దొరబావి వంతెన స్తంభాలు అడవిలో నేటికీ నిలిచి ఉన్నాయి.

ఈతకు మార్చి నుంచి జూన్‌ వరకు, అడవి పచ్చదనానికి అక్టోబరు నుంచి జనవరి వరకు అనువైన కాలం. రద్దీ లేకుండా కోనేరు కావాలంటే ఆదివారం, సోమవారం కాకుండా వారం మధ్యలో, తెల్లవారుతూనే రావాలి. ఆ వేళ నీటిపై ఇంకా ఎవరూ అల రేపి ఉండరు. అడుగున ఉన్న రాతి పరుపు అంచుల వరకు కనిపిస్తుంది.